అనుకోని వడ్రంగి పిట్ట కనిపిస్తే మెర్లిన్ యాప్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

పక్షుల్ని గుర్తుపట్టడానికి ఫోన్లో ఒక్క యాప్ మాత్రమే ఉంచుకోవాలంటే మెర్లిన్ ఉంచుకోండి. అందులో రెండో ఆలోచన అక్కర్లేదు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ల్యాబ్ 2014లో దీన్ని తెచ్చింది. పూర్తిగా ఉచితం. ప్రకటనలు రావు, లోపల డబ్బు కట్టి తెరిపించుకోవాల్సిన తలుపులూ లేవు. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. రోజూ కనిపించే పక్షుల దగ్గర దాని పనితనం ఎంత బాగుంటుందో వాడినవాళ్లందరికీ తెలుసు. ఈ సమీక్ష ఒక్క సందర్భానికే పరిమితం: ఆ చోట, ఆ నెలలో ఉంటుందని ఎవరూ అనుకోని వడ్రంగి పిట్ట కళ్ల ముందుకొచ్చి వాలింది. అప్పుడు మెర్లిన్ చెప్పే పేరును ఎంత నమ్మాలి, ఏది ముందు ఏది తర్వాత వాడాలి, తప్పు ఎక్కడ జరుగుతుంది?

వడ్రంగి పిట్టల్నే ఎందుకు తీసుకున్నామంటే, యాప్‌కి ఇంతకంటే గట్టి పరీక్ష దొరకదు. ఈ కుటుంబంలో 230కి పైగా జాతులున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మడగాస్కర్, అంటార్కిటికా మినహా చెట్లున్న ప్రాంతాల్లో దాదాపు అన్నిచోట్లా ఏదో ఒకటి ఉంటుంది. వీటిలో ఎక్కువ భాగం వలస పోవు, పుట్టిన అడవి చుట్టుపక్కలే బతుకు వెళ్లదీస్తాయి. అందుకే చోటు తప్పిన వడ్రంగి పిట్ట కనిపిస్తే ఆ రికార్డుకి విలువ ఎక్కువ, దాన్ని నిలబెట్టడానికి కావలసిన ఆధారమూ ఎక్కువే. పైగా ఇవి గుంపులు గుంపులుగా ఒకేలా ఉంటాయి. నలుపు-తెలుపు మచ్చలవన్నీ ఒక గుంపు, బంగారు వీపువన్నీ ఇంకో గుంపు, ఆకుపచ్చవన్నీ మరో గుంపు. ఒక గుంపులో ఒకదాన్నుంచి మరొకదాన్ని విడదీసేది ఒక్క గీతో, తోక ఈకల మీద నాలుగు చుక్కలో.

యాప్ లెక్క ఎలా వేస్తుంది

మెర్లిన్ వెనక ఈ-బర్డ్ ఉంది. 2002లో మొదలైన ఈ డేటాబేస్‌లో ప్రపంచం నలుమూలల నుంచి పక్షి ప్రేమికులు ఎక్కడ, ఏ తేదీన, ఏయే పక్షుల్ని చూశారో రాసి పెడుతూ వస్తున్నారు. మీరు చోటు, తేదీ చెప్పగానే మెర్లిన్ ఆ రికార్డుల్ని బట్టి అక్కడ అప్పుడు కనిపించే అవకాశం ఎక్కువున్న పక్షుల్ని పైకి తెస్తుంది, అవకాశం లేనివాటిని కిందకి నెడుతుంది లేదా అసలు చూపించదు. వందలో తొంభై తొమ్మిది సార్లు ఇదే దాని బలం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కడో ఖండాంతరంలో ఉండే పక్షి పేరు పెట్టుకుని మురిసిపోకుండా కాపాడేది ఈ జల్లెడే.

మిగిలిన ఆ ఒక్కసారి మాత్రం ఇదే జల్లెడ అడ్డం వస్తుంది. ఆ చోట ఇంతవరకు ఎవరూ రాయని వడ్రంగి పిట్ట వచ్చిందనుకోండి. యాప్ దృష్టిలో దాని అవకాశం సున్నాకి దగ్గర. దానికి పోలిక ఉన్న మామూలు జాతి పక్కనే ఉంటే ఆ పేరే పైకొస్తుంది. పేరు వచ్చింది కదా అని చూసినవాళ్లు ఫోన్ జేబులో పెట్టేస్తారు, అరుదైన పక్షి మామూలు పక్షిగా నమోదైపోతుంది. ఈ తప్పు ఎవరి కంటా పడదు కాబట్టి ఎవరూ దిద్దరు. దీనికి ఎదురు దిశలో ఇంకో తప్పు ఉంది. శబ్దం ద్వారా గుర్తించే విభాగంలో గాలి హోరునో వేరే పక్షి అనుకరణనో యాప్ అరుదైన పేరుగా చూపిస్తే, ఆ పేరు పట్టుకుని ఊరేగడం. ఇది కాస్త నయం, కనీసం నలుగురి కళ్లలో పడుతుంది.

ఫోన్ తీయడానికి ముందు

వడ్రంగి పిట్ట మనిషిని చూడగానే మాను వెనక్కి జరుగుతుంది. అప్పుడు చుట్టూ తిరిగి దాన్ని వెతకబోతే అదీ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, లేదా ఎగిరిపోతుంది. కదలకుండా నిలబడితే కాసేపట్లో తల ఒక పక్క నుంచి బయటపెట్టి చూస్తుంది. మేత మేసేటప్పుడు చాలావరకు కింది నుంచి పైకి ఎక్కుతుంది, పైకి చేరాక ఇంకో చెట్టు మీద కాస్త కిందుగా వాలుతుంది. ఆ ఎగిరే క్షణం చాలా ముఖ్యం. అంతవరకు దాగి ఉన్న నడుము రంగు అప్పుడే బయటపడుతుంది. తోకకు పైన, ముడిచిన రెక్కల కింద కప్పుకుపోయే భాగాన్ని ఇక్కడ నడుము అంటున్నాం.

చూడాల్సిన వరస ఇది: ముందు తల, తర్వాత గొంతు, తర్వాత వీపు, ఎగిరేటప్పుడు నడుము, కుదిరితే తోక అంచు ఈకలు, తోక కింది రంగు. తలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నెత్తి మీద ఎరుపు నుదుటి నుంచి మొదలైందా, వెనక సగమేనా, పెడతల మీద పట్టీలా ఉందా అన్నదాన్ని బట్టి చాలా జాతుల్లో ఆడ-మగ తేడా, పిల్ల-పెద్ద తేడా తెలుస్తుంది. ముక్కు పొడవును తలతో పోల్చి చూడాలి. ఉత్తర అమెరికాలోని డౌనీ, హెయిరీ వడ్రంగి పిట్టలు రెండూ చూడ్డానికి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. డౌనీ ముక్కు తల పొడవులో సగం కూడా ఉండదు, హెయిరీ ముక్కు దాదాపు తలంత ఉంటుంది. డౌనీ తోక అంచు తెల్ల ఈకల మీద నల్ల చుక్కలుంటాయి, హెయిరీకి అవి సాధారణంగా శుభ్రమైన తెలుపు. ఒంటరి పక్షిని చూసి సైజు అంచనా వేయడం చాలా కష్టం. ముక్కును తలతో పోల్చడానికి మాత్రం పక్కన ఇంకో పక్షి అక్కర్లేదు.

బంగారు వీపు గుంపును కాస్త దగ్గరగా చూద్దాం. అనుకోని పక్షి ఈ గుంపులో చాలా తేలిగ్గా చేజారుతుంది. బ్లాక్-రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్ తోటల్లోనూ ఇళ్ల మధ్య చెట్ల మీదా తిరిగే మామూలు పక్షి. అది తిరిగే చోట గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్ వచ్చి వాలితే, దూరం నుంచి రెండిటికీ వీపు బంగారమే, మగదాని తలపై తురాయి ఎరుపే. ఇక్కడ ముందు గొంతు చూడాలి. బ్లాక్-రంప్డ్‌కి గొంతు నల్లగా ఉండి మీద తెల్ల చుక్కలు చల్లినట్టుంటాయి. గ్రేటర్‌కి ముక్కు మొదట్నుంచి బుగ్గ కిందుగా దిగే నల్ల మీసం గీత రెండుగా చీలి, మధ్యలో తెల్లటి ముక్కను చుట్టి మళ్లీ కలుస్తుంది. పడవలో తెల్ల గింజ పెట్టినట్టుంటుంది ఆ ఆకారం. తర్వాత కన్ను. గ్రేటర్‌ది లేత రంగు, దూరానికి కూడా మెరుస్తుంది. బ్లాక్-రంప్డ్‌ది ముదురు. ఎగిరినప్పుడు గ్రేటర్ నడుము ఎరుపు, రెండోదానికి పేరులోనే ఉన్నట్టు నలుపు. ఆడదైతే ఇంకా తేలిక: బ్లాక్-రంప్డ్ ఆడదానికి నుదురు నల్లగా తెల్ల చుక్కలతో ఉన్నా తురాయి వెనక భాగం ఎరుపే, గ్రేటర్ ఆడదానికి తలపై ఎరుపే ఉండదు, మొత్తం నలుపు మీద తెల్ల చుక్కలు. ఎరుపు నడుము కనబడింది కానీ మీసం గీత ఒంటిగా ఉందంటే ఈ రెండూ కాకుండా కామన్ ఫ్లేమ్‌బ్యాక్ వైపు ఆలోచించాలి. దానికి కాలికి మూడు వేళ్లే. మంచి ఫొటో పడితే ఆ వేళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. మెడ వెనక నుంచి వీపు పైభాగం దాకా తెల్లగా ఉంటే వైట్-నేప్డ్ ఫ్లేమ్‌బ్యాక్; దాని ఆడదానికి నెత్తి పసుపు.

ఈ నాలుగైదు విషయాలు చూడ్డానికి ఇరవై సెకన్లు చాలు. ఆ ఇరవై సెకన్లు ఫోన్ అన్‌లాక్ చేయడంలో పోతే తర్వాత యాప్‌కి చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు. చూసింది చూసినట్టు మెల్లగా పైకి చెప్పుకోవడం ఇంకా మంచిది. పేరు చెప్పొద్దు, గుర్తులే చెప్పండి. ఒకసారి పేరు నోట్లోంచి వచ్చిందంటే, ఆ తర్వాత కన్ను ఆ పేరుకి సరిపోయేవే చూస్తుంది.

ఐదు ప్రశ్నల పద్ధతి

మెర్లిన్‌లో అన్నిటికంటే పాత విభాగం ఇది. చోటు, తేదీ, సైజు, రంగులు, పక్షి ఏం చేస్తోంది అని అడిగి జాబితా ఇస్తుంది. సైజుకి పిచ్చుక, రాబిన్, కాకి, పెద్ద బాతు లాంటి పోలికలిస్తుంది, వాటి మధ్య మెట్లూ ఉంటాయి. రంగులు మూడు దాకా ఎంచుకోవచ్చు.

వడ్రంగి పిట్టల విషయంలో దీని లోటు మూడో రంగు దగ్గరే తెలిసిపోతుంది. నలుపు, తెలుపు, ఎరుపు అని నొక్కితే ఆ ప్రాంతంలోని మచ్చల వడ్రంగి పిట్టలన్నీ వరస కట్టి వస్తాయి. ఎరుపు ఎక్కడుందో చెప్పడానికి చోటు లేదు. నెత్తి మీదా, పెడతల మీదా, తోక కిందా అన్నదే ఇక్కడ అసలు విషయం, దాన్నే యాప్ అడగదు. చెట్టు మీద వదిలిన ఆనవాళ్ల గురించీ అడగదు. సాప్‌సకర్‌లు అనే వడ్రంగి పిట్టలు మాను మీద వరసలు కట్టి చిన్న చిన్న రంధ్రాలు చేసి కారే రసం తాగుతాయి, పిలియేటెడ్ వడ్రంగి పిట్ట నిలువుగా పెద్ద పెద్ద దీర్ఘచతురస్రపు గుంటలు తొలుస్తుంది. పక్షి వెళ్లిపోయాక కూడా మిగిలే సాక్ష్యాలవి.

అయినా ఈ విభాగాన్ని వదిలేయొద్దు, పోలికల జాబితా తయారు చేసుకోవడానికి వాడుకోండి. ఒకసారి మీ చోటుతో జాబితా తెప్పించండి. తర్వాత ఎక్స్‌ప్లోర్ విభాగంలోకి వెళ్లి 'ఈ చోట, ఈ రోజు' అన్న వడపోత తీసేసి, ప్యాక్‌లో (ఒక్కో ప్రాంతపు పక్షుల సమాచారం ఫోన్లోకి దించుకునే మూట) ఉన్న ఆ గుంపు జాతులన్నీ చూడండి. మొదటి జాబితాలో లేనివి, రెండోదాంట్లో ఉన్నవి ఏవో వాటి మీదే దృష్టి పెట్టాలి. ఒక్కో జాతి పేజీలో మగ, ఆడ, పిల్ల ఫొటోలు, కూతలు, ఏ నెలలో ఎంత కనిపిస్తుందో చూపే పట్టీ ఉంటాయి. వడ్రంగి పిట్ట కోసం మెర్లిన్ తెరిచినప్పుడు ఎక్కువ సేపు గడపాల్సింది ఇక్కడే. చాలామంది ఈ పేజీల్లోకి వెళ్లనే వెళ్లరు.

ఫొటోతో గుర్తించడం

ఫొటో ఇస్తే పక్షి పెట్టె నిండా వచ్చేలా దగ్గరకి లాగమంటుంది, చోటు, తేదీ సరిచూసుకోమంటుంది. ఈ రెండో పని తేలిగ్గా తీసుకోవద్దు. వేరే ఊళ్లో తీసి ఇంటికొచ్చాక ఎక్కించిన ఫొటోకి, ముఖ్యంగా కెమెరా స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసినప్పుడు, ఇంటి చిరునామా, ఈ రోజు తేదీ అంటుకుపోతాయి. జల్లెడ తప్పు చోట పట్టినట్టవుతుంది.

వడ్రంగి పిట్ట ఫొటోలతో వచ్చే చిక్కు వెలుతురు. పక్షి మాను మీద, వెనక ఆకాశం. అలా వదిలేస్తే కెమెరా ఆకాశానికి వెలుతురు కొలుస్తుంది, పక్షి నల్ల ముద్దవుతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుతురు) ఒక స్టాప్, అవసరమైతే ఒకటిన్నర పెంచండి. ఆకాశం తెల్లగా మాడిపోయినా ఫర్వాలేదు, పక్షి మీది గీతలు దక్కుతాయి. ఒక ఫొటోతో సరిపెట్టొద్దు. పక్క నుంచి తల, వెనక నుంచి వీపు, ఎగిరేటప్పుడు మసకగా ఉన్నా సరే ఒకటి. మసక ఫొటోలో కూడా నడుము ఎరుపో నలుపో తెలుస్తుంది. ఒక్కో ఫొటోని విడివిడిగా యాప్‌కివ్వండి. మూడిటికీ ఒకే పేరు చెప్తే అది బరువున్న సమాధానం. మూడిటికి మూడు చెప్తే యాప్‌ని పక్కన పెట్టి గుర్తులు చూసుకోవాల్సిన వేళ అది.

ఇక్కడ మనుషులూ యాపూ కలిసి పడే గొయ్యి ఒకటుంది. యూరప్, ఆసియాల్లో విస్తారంగా ఉండే గ్రేట్ స్పాటెడ్ వడ్రంగి పిట్టకి పెద్ద మగదైతే పెడతల మీద మాత్రమే ఎరుపు, ఆడదానికి అదీ ఉండదు. పిల్లలకి మాత్రం, ఆడ-మగ తేడా లేకుండా, నెత్తి అంతా ఎరుపు. ఎండాకాలంలో గూడు వదిలిన ఆ పిల్లని చూసి మిడిల్ స్పాటెడ్ అనో సిరియన్ అనో రాసేసిన జాబితాలు కోకొల్లలు. పిల్లకి ఆ ఎర్ర టోపీ చుట్టూ నల్ల అంచుంటుంది, మిడిల్ స్పాటెడ్‌కి ఆ అంచు ఉండదు, పక్కల మీద సన్నని చారలుంటాయి, ముక్కు పొట్టిగా ఉంటుంది. సిరియన్‌కైతే బుగ్గ వెనక నుంచి పెడతలకి వెళ్లి కలిసే నల్ల పట్టీ ఉండదు, గ్రేట్ స్పాటెడ్‌కి ఉంటుంది. కాబట్టి జూన్, జూలై నెలల్లో ఎర్ర టోపీ కనిపిస్తే ముందు 'ఇది పిల్లేమో' అని అడగండి. యాప్ ఆ ప్రశ్న అడగదు, ఒక పేరు చెప్పి ఊరుకుంటుంది.

సంకర జాతుల దగ్గరా అంతే. సిరియన్, గ్రేట్ స్పాటెడ్ జతకట్టడం నమోదైన విషయం. ఫొటో ఇస్తే మెర్లిన్ ఏదో ఒక వైపు మొగ్గుతుంది. ఉత్తర అమెరికాలోని నార్తర్న్ ఫ్లికర్ అనే వడ్రంగి పిట్ట కథ ఇంకా ఆసక్తికరం. తూర్పు వైపు ఉండే ఫ్లికర్‌లకి రెక్కల కింద పసుపు, పడమటి వాటికి ఎరుపు, నడుమ కలిసే చోట్ల రెండూ కలిసిన పిల్లలు. అయితే కలిసే చోటికి చాలా దూరంగా, తూర్పున కూడా రెక్కల్లో ఎర్ర ఈకలున్న ఫ్లికర్‌లు కనిపిస్తూ వచ్చాయి. వాటిని చాలాకాలం సంకరమనే అనుకున్నారు. ఈకల్లోని రంగును రసాయనికంగా పరీక్షిస్తే తేలిందేమిటంటే, బయటి నుంచి తెచ్చి నాటిన హనీసకల్ పొదల పండ్లలోని రోడోజాంథిన్ అనే రంగు పదార్థం అది. తిన్న పండు రంగు ఈకలోకి దిగింది. అనుకోని రంగు కనిపిస్తే అనుకోని జాతి అనే ముందు తిండి, మాను జిగురు, మసి మరక, రంగు లోపం ఇవన్నీ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

శబ్దంతో గుర్తించడం

2021లో వచ్చిన ఈ విభాగమే మెర్లిన్‌ని ఇంటింటికీ చేర్చింది. బటన్ నొక్కితే శబ్దం బొమ్మ, అదే స్పెక్ట్రోగ్రామ్, తెర మీద పాకుతూ ఉంటుంది, గుర్తుపట్టిన పక్షి పేరు కింద వస్తుంది, అది మళ్లీ కూసినప్పుడల్లా ఆ పేరు వెలుగుతుంది. ఆ చోటికి అరుదైన పేరైతే పక్కన ఎర్ర చుక్క పడుతుంది. ఆ చుక్క దొరికిందన్న సంబరానికి కాదు. 'ఇది మామూలు కాదు, సరిచూసుకోండి' అని యాప్ చెప్తున్న మాట అది. చాలామంది దాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటున్నారు.

వడ్రంగి పిట్టల శబ్దాలు రెండు రకాలు. ఒకటి కూత, రెండోది మాను మీద టకటకమని వాయించడం. కూతలో కూడా పొడవైనవి, పొట్టివి. మచ్చల గుంపులో ఎక్కువ జాతులు 'కిక్' అని ఒక్క ముక్క అరుస్తాయి. ఒక్క 'కిక్' మీద వచ్చిన పేరును నమ్మకండి. పొడవైన కూతలు మెరుగు, అయినా వాటిలోనూ కవలలున్నాయి. ఫ్లికర్, పిలియేటెడ్ రెండూ 'విక్-విక్-విక్' అని గొలుసు కట్టి కూస్తాయి. ఫ్లికర్‌ది ఒకే వేగంతో చాలాసేపు సాగుతుంది, పిలియేటెడ్‌ది వేగమూ గట్టితనమూ మారుతూ తొందరగా ఆగిపోతుంది.

వాయించే శబ్దాన్ని యాప్‌కి వదిలేయకుండా చెవితో లెక్కపెట్టుకోవడం మేలు, ఎందుకంటే అందులో తేడా తాళంలోనే ఉంది. గ్రేట్ స్పాటెడ్ అర సెకను పైచిలుకులో 10 నుంచి 16 దెబ్బలు వేసి ఠక్కున ఆపేస్తుంది. బ్లాక్ వడ్రంగి పిట్ట రెండు సెకన్లు దాటి, మెషిన్ గన్ పేలినట్టు వాయిస్తుంది. డౌనీ సెకనుకి దాదాపు 15 దెబ్బలు, హెయిరీ 25 దాకా. అంటే డౌనీని కష్టపడి లెక్కపెట్టొచ్చు, హెయిరీది ఒకే జీరలా వినిపిస్తుంది. సాప్‌సకర్‌లది గుర్తుపట్టడం తేలిక: గబగబా మొదలై, తర్వాత తడబడుతూ ఒక్కో దెబ్బగా విడిపోతుంది. మిడిల్ స్పాటెడ్, యూరేషియన్ గ్రీన్ చాలా అరుదుగా వాయిస్తాయి. కాబట్టి వాటి పేరు పెట్టుకున్నాక టకటక వినిపిస్తే ఇంకోసారి ఆలోచించాలి. రికార్డు చేసింది తర్వాత స్పెక్ట్రోగ్రామ్‌లో పెద్దది చేసి చూస్తే ఒక్కో దెబ్బ ఒక్కో నిలువు గీతలా పడి ఉంటుంది. గీతలు లెక్కపెట్టి సెకన్లతో భాగిస్తే వేగం తేలిపోతుంది. మెర్లిన్ పేరు చెప్పినా చెప్పకపోయినా ఈ బొమ్మ ఒక్కటే దాన్ని ఫోన్లో ఉంచుకోవడానికి సరిపోతుంది.

రికార్డింగ్ బాగా రావాలంటే ఫోన్ అడుగు భాగం, అంటే మైకు ఉన్న వైపు, పక్షి వైపు తిప్పండి. వేళ్లు మైకుకి అడ్డం పెట్టకండి. నడుస్తూ రికార్డు చేస్తే బట్టల రాపిడి, ఎండుటాకుల చప్పుడు మొత్తం చెడగొడతాయి. కనీసం అర నిమిషం నిలబడండి. గాలి తోలుతుంటే ఒంటిని అడ్డం పెట్టండి. గమనించిన గుర్తులు చెప్పాలనుకుంటే పక్షి ఆగాక, రికార్డింగ్ చివర చెప్పండి. పేరు తెర మీదకి వచ్చాక దాన్ని తాకితే ఆ కూత పట్టుకున్న క్షణానికి రికార్డింగ్ వెళ్తుంది. విని, జాతి పేజీలోని కూతలతో పోల్చండి. అక్కడ వినిపించేది మీరు విన్న శబ్దం కాకుండా మరేదో అయితే ఆ పేరు కొట్టేయండి. ఎందుకంటే అనుకరించే పక్షులున్నాయి. రాకెట్-తోక డ్రాంగోలు, స్టార్లింగ్‌లు ఇతర పక్షుల గొంతుల్ని యాప్‌ని కూడా బోల్తా కొట్టించేంత బాగా దింపుతాయి. కంటితో చూడని అరుదైన వడ్రంగి పిట్టని ఒక్క శబ్దం మీద రాయకపోవడానికి ఇదే పెద్ద కారణం.

జాతి పేజీలోని కూతల్ని అక్కడికక్కడే గట్టిగా మోగించి పక్షిని రప్పించాలనుకోవద్దు. ముఖ్యంగా గూళ్ల కాలంలో. తన జాగాలోకి ఇంకోటి చొరబడిందనుకుని అది మేతా పిల్లలూ వదిలి పోట్లాటకొస్తుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి.

ఇంకో మాట. మెర్లిన్ శబ్దాల జాబితాలో ప్రపంచంలోని అన్ని జాతులూ లేవు. ఒక జాతి ఆ జాబితాలో లేకపోతే, లేదా మీరు దించుకున్న ప్యాక్‌లో లేకపోతే, అది నెత్తి మీద కూర్చుని కూసినా యాప్‌కి వినిపించదు, పోలిక ఉన్న వేరే పేరు చెప్పొచ్చు. అడవిలోకి వెళ్లేముందు పక్క ప్రాంతపు ప్యాక్ కూడా దించుకోండి. వైఫై ఉన్న చోటే ఆ పని చేసుకోండి, ప్యాక్‌లు బరువైనవి. దించుకున్నాక నెట్ లేకపోయినా అన్నీ పనిచేస్తాయి.

యాప్ అసలు ఊహించని పక్షి

ట్రీక్రీపర్, నట్‌హాచ్ లాంటి మాను మీద పాకే చిన్న పక్షుల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మాను మీద పాకేదల్లా వడ్రంగి పిట్ట కాదన్నది తెలిసిందే. నట్‌హాచ్ తలకిందులుగా దిగుతుంది, వడ్రంగి పిట్ట అలా దిగదు. కానీ రైనెక్ దీనికి తిరగబడ్డ ఉదాహరణ. వడ్రంగి పిట్టల కుటుంబమే, చూస్తే ఏ కోశానా అలా ఉండదు. 16, 17 సెంటీమీటర్ల గోధుమ-బూడిద రంగు పక్షి, చెట్టు బెరడు ముక్కలా కలిసిపోతుంది, తోక మెత్తగా ఉంటుంది, నేల మీద చీమల్ని ఏరుకు తింటుంది, పైగా దూర ప్రాంతాలకి వలస పోతుంది. ఐదు ప్రశ్నల్లో 'నేల మీద' అని నొక్కి, గోధుమ రంగు ఎంచుకుంటే, చూసినవాళ్ల ఊహలో వడ్రంగి పిట్ట అన్న మాటే ఉండదు. ఇలాంటి చోట మెర్లిన్ మనిషిని మించిపోతుంది. మనకున్న 'వడ్రంగి పిట్ట అంటే ఇలా ఉండాలి' అన్న పట్టుదల దానికి లేదు. అది అడిగిన గుర్తుల్నే చూస్తుంది.

పేరు ఖాయం చేసి రాయడం

ఈ యాప్ తయారు చేసిన ల్యాబ్‌కి అనుకోని వడ్రంగి పిట్ట ఎంత బరువో బాగా తెలుసు. ఐవరీ-బిల్డ్ వడ్రంగి పిట్టని అందరూ ఒప్పుకున్న ఆఖరి చూపు 1944 నాటిది. 2005లో కార్నెల్ బృందం అది అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బతికే ఉందని సైన్స్ పత్రికలో ప్రకటించింది. ముఖ్యమైన ఆధారం కొన్ని సెకన్ల మసక వీడియో. మరుసటి ఏడే అదే పత్రికలో ఇతర నిపుణులు అది పిలియేటెడ్ అయి ఉండొచ్చని వాదించారు. తగువంతా రెక్కల మీద తెలుపు ఎక్కడుందన్న దాని మీదే. 2021లో అమెరికా వన్యప్రాణి శాఖ దాన్ని అంతరించినట్టు ప్రకటించాలని ప్రతిపాదించింది, 2023లో ఆ జాబితా ఖరారు చేసినప్పుడు ఈ పక్షిని మాత్రం అందులో చేర్చలేదు. ఒక రెక్క అంచు స్పష్టంగా పడిన ఫొటో లేకపోవడం వల్ల ఇన్నేళ్ల వాదన.

కాబట్టి మెర్లిన్‌లో 'ఇది నా పక్షి' అని నొక్కి ఊరుకోవద్దు. అది మీ సొంత జాబితాలోకి వెళ్తుంది, అంతే. నలుగురికీ పనికొచ్చే రికార్డు కావాలంటే ఈ-బర్డ్‌లో చెక్‌లిస్టు వేయాలి: ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంతసేపు, ఎంత దూరం, చూసిన పక్షులన్నీ. అరుదైన పేరు వేయగానే అది వివరణ అడుగుతుంది. అక్కడ 'మెర్లిన్ చెప్పింది' అని రాయడం చాలా సాధారణంగా కనిపించే తప్పు. అది వివరణ కిందకి రాదు. ఇలా రాయండి: 'ఎనిమిది మీటర్ల దూరంలో, వెలుతురు మా వెనక నుంచి పడుతుండగా, 4 నిమిషాలు చూశాం. వీపు బంగారు రంగు. ఎగిరినప్పుడు నడుము ఎరుపు. మీసం గీత రెండుగా చీలి మధ్యలో తెలుపు. కన్ను లేత రంగు. నెత్తి నలుపు మీద తెల్ల చుక్కలు, ఎరుపు లేదు. ముక్కు తలంత పొడవు. నడుము ఎరుపు కాబట్టి బ్లాక్-రంప్డ్ కాదు, మీసం చీలింది కాబట్టి కామన్ కాదు.' ఆఖరి వాక్యమే ముఖ్యం. ఏది అనుకున్నామో దాంతో పాటు ఏది కాదో, ఎందుకు కాదో ఉండాలి.

ఫొటోలు మంచివీ చెడ్డవీ అన్నీ ఎక్కించండి. శబ్దం ఉంటే మెర్లిన్ నుంచి వేవ్ ఫైలుగా బయటికి తీసి, పక్షి కూతకి ముందూ వెనకా మూడేసి సెకన్లు ఉంచి మిగతాది కత్తిరించి, శబ్దం స్థాయి మైనస్ 3 డెసిబెల్స్‌కి సరిచేసి ఎక్కించండి. ఆ తర్వాత ఆ ప్రాంతపు రికార్డుల్ని చూసే స్వచ్ఛంద సమీక్షకులు పరిశీలిస్తారు, అవసరమైతే మెయిల్‌లో ఇంకో ప్రశ్న అడుగుతారు. అడిగితే అవమానం అనుకోకండి, చూసింది చూసినట్టు చెప్పండి, చూడనిది చూడలేదని చెప్పండి. వాళ్లు ఆమోదించకపోయినా ఆ పక్షి మీ జాబితాలోంచి పోదు, బయటి మ్యాపుల్లో మాత్రం కనిపించదు. కొన్నాళ్లకి అదే చోట ఇంకెవరైనా నడుము ఎరుపు ఫొటో తీస్తే, పాత రికార్డును తిరిగి తెరిచి చూడమని సమీక్షకుల్ని అడగవచ్చు.